విప్పిన ముడుపు

హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే రైల్లో ఐర్లండ్ కవితలు చదువుకుంటున్నాను. పెనుకొండలో ఎక్కి నా పక్కన కూర్చున్న ఒకామె, మెడలో సిలువ ఉంది, "ఏం పుస్తకమప్పా అది?" అనడిగింది.

చదువుతున్న కవితే చెప్పాను. అక్కడ ఒక పాత దేవత బావికి ఇప్పుడు క్రైస్తవ పునీతురాలి పేరు. అయినా బిడ్డకు జబ్బు చేస్తే తల్లులు బావి పక్క చెట్టుకు ఇప్పటికీ గుడ్డపీలికలు కడతారు.

ఆమె నా వైపు తిరిగింది.

"మా పాపకు జరమొస్తే నేనూ మారెమ్మ యాపచెట్టుకు ముడుపు కడితి. పాస్టరయ్య ఇప్పేయమన్యాడు. ఇప్పేస్తి. ఆ వారమే పాప పాయ."

ధర్మవరంలో లేచి నిలబడి, "ఆ బాయికాడ పాస్టర్లు ఇప్పమనరా?" అంది.

"అనరంటమ్మా."

ఆమె ఏమీ లేని కొంగుకు ముడేసి, పళ్లతో బిగించుకుని, దిగిపోయింది.