సల్మా పేరు అమ్మకెలా తెలిసింది?

దయ్యాలు, పూనకాలు నేను నమ్మను. మా కడప దిక్కు జాతరలో పూనకం వచ్చినామె ముందు నవ్వు ఆపుకోలేక తన్నులు తిన్నవాణ్ణి. కానీ పోయిన నెల అమ్మ పోయింది. కువైట్‌లో ఆమె చేసిన ఒక పని గురించి చెప్పకుండా ఉండలేను.

అక్కడ జాబ్రియా అనే పేటలో ఒకే ఇంట్లో అమ్మ వంటమనిషి, నేను డ్రైవర్ని. నాలుగేళ్లున్నా అమ్మకు అరబ్బీ వంటబట్టలేదు. ఇంటి యజమానురాలు నీళ్లడిగితే ఉప్పు డబ్బా తెచ్చేది. పని మొదలుపెట్టేటప్పుడు అయిపోయిందనే 'ఖలాస్' అనేది, అయిపోయాక ఇక పదండనే 'యల్లా' అనేది.

1990లో ఇరాక్ సైన్యం వచ్చిపడేనాటికి యజమానులు సెలవులకు వేరే దేశంలో ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే. వాళ్ల పాత కారులో ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు వెళ్లిపోదామని పెట్రోలు నింపి ఉంచాను.

ఆ మధ్యాహ్నం ఒక సైనికుడు తలుపు తోసుకుని వచ్చాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. తుపాకీ నా ఛాతీకి ఆనించి కారు తాళం అడిగాడు.

వంటింట్లోంచి అమ్మ గరిటెతో వచ్చింది.

"ఏమిరా, బూట్లేసుకోని ఇంట్లోకి వస్తావా? ఇప్పుడే తుడిచినా!"

వాడు కిందికి చూసుకుని బూట్లు విప్పాడు. అమ్మ గొంతు అలాంటిది, దానికి భాష అక్కర్లేదనుకున్నాను.

కూర్చోబెట్టి అన్నం, ఉల్లిపాయలతో నూరిన ఎర్రగడ్డ కారం పెట్టింది. వాడు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ మారు పెట్టించుకున్నాడు. తుపాకీ మాత్రం ఒళ్లోనే ఉంది. తిన్నాక మళ్లీ తాళం కోసం చెయ్యి చాచాడు.

"కారెత్తుకోని యాడికి పోతావు నాయనా? ఇంటికి పో. నువ్వు లేకుంటే సల్మా పెండ్లి ఎట్ల చేస్తారు?" అంది అమ్మ.

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "సల్మా నా చెల్లెలు. ఈమెకెలా తెలుసు?" అని నన్ను అరబ్బీలో అడిగాడు.

అమ్మనడిగాను.

"ఇంతసేపూ వాడే చెప్పినాడు గదరా!"

అంతవరకూ వాడు తాళం మాట తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ జవాబు నేను అరబ్బీలో చెప్పేసరికి వాడి ముఖం పాలిపోయింది. బూట్లు చేత్తో పట్టుకుని, ఎండలో ఉత్తకాళ్లతో పరిగెత్తాడు.

మర్నాడే బయలుదేరాం. ఎడారి దారంతా నీళ్లు నాకే ఇచ్చి, తనకు దాహం లేదంది. అప్పుడు నమ్మాను.

తర్వాత ఎన్నేళ్లు అడిగినా అదే మాట: వాడే చెప్పినాడు. ఆసుపత్రిలో, మాట సన్నగిల్లాక కూడా ఆగలేక అడిగాను. అమ్మ విసుక్కుంది.

"నీకే వినపళ్లేదు. చెవులు చూపించుకోరా."

కర్మకాండలు ముగిశాక నిజంగానే వెళ్లి చూపించుకున్నాను. రెండూ బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. ఇక ఎవరినడగాలో నాకు తెలియడం లేదు.