దీపాల వేళకి ఆగిపోయే నెట్

పదహారేళ్లు దాటింది, ఒక సంగతి నాలోనే పెట్టుకుని బతుకుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. పోయిన మా వారి ఫొటో ముందు నిలబడి కూడా చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. బహుశా అందుకే నోరు పెగులుతోంది. నాకిప్పుడు ఎనభై ఒక్క ఏళ్లు. తారీఖులు మర్చిపోయే అలవాటు లేదు. మర్చిపోతే బాగుండునని ఈ ఒక్క విషయంలోనే అనిపించింది.

2007లో జరిగింది. రాజమండ్రిలో, మా ఇంట్లోనే.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. ఇరిగేషన్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. కాలువలో నీటిమట్టం ఎంతుందో, ఏ తూములోంచి ఎంత నీరు వెళ్లిందో లెక్కగట్టడం నా పని. శివారు పొలాలకి నీరందలేదంటే పైన ఎక్కడో ఎవరో గండి కొట్టారని అర్థం. కొట్టిన మనిషి నా లెక్కలో దొరికేవాడు. గొప్పకి చెప్పడం లేదు. జరిగినదానికి మూలం ఇక్కడే ఉంది.

మా వీధికి నెట్ తెచ్చింది కేబుల్ ప్రసాద్. ఇన్వర్టర్ ఉన్నది మా ఇంట్లోనే కాబట్టి నెట్ పంచే అసలు డబ్బా మా హాల్లో పెట్టి, అక్కడినుంచి ఆరు ఇళ్లకి వైర్లు లాగాడు. మా మేడమీది వాటాలో అద్దెకున్న శారదకి కూడా ఒక వైరు వెళ్లింది.

శారదకి అప్పుడు ముప్ఫై ఆరో, ముప్ఫై ఏడో. తాగి కొట్టే మొగుణ్ణి మొగల్తూరులో వదిలేసి వచ్చింది. విచిత్రం ఏమిటంటే అత్తగారు కూడా కన్నకొడుకుని కాదని కోడలి వెంటే వచ్చేసింది. సుబ్బాయమ్మ గారు ఆవిడ పేరు. శారద ఇంట్లోనే కూర్చుని అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు చెవుల్లో పెట్టుకుని వింటూ టైపు చేసేది. సాయంత్రం ఆ మాటల ఫైళ్లు నెట్‌లో వచ్చేవి. రాత్రికి టైపు చేసి పంపేయాలి. ఆలస్యమైతే పని ఇంకొకరికి పోతుంది. ఇద్దరి కూడూ గూడూ ఆ పని మీదే. అప్పుడప్పుడూ సాయంత్రాలు ఆ మొగుడు వచ్చి వీధి చివర మోటారు సైకిల్ ఆపుకుని మేడకేసి చూస్తూ ఉండేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఊరికే చూసి వెళ్లిపోయేవాడు.

ఆ ఏడు ఉగాది దగ్గర్నుంచి నెట్ పాడైంది. పగలంతా బాగానే ఉండేది. చీకటి పడేసరికి నత్తనడక. పడుకునే వేళకి మళ్లీ మామూలే. వీధంతా ప్రసాద్‌ని తిట్టడం మొదలుపెట్టింది. నేను తిట్టలేదు. వేగం చూపించే పేజీ ఒకటుంటే అది తెరిచి, కాలువ మట్టం చూసినట్టు పూటపూటకీ చూశాను. అంకె సాయంత్రం పడిపోతోంది. ఆ వేళకే పని మొదలుపెట్టేది ఎవరు? శారద. లెక్క కుదిరింది.

నిజానికి కుదరలేదు. ఒక సాయంత్రం శారదా వాళ్లత్తగారూ ద్రాక్షారామం వెళ్లారు. మేడమీద తాళం. ఆ సాయంత్రం కూడా అంకె అలాగే పడిపోయింది. చూశాను. చూసి, కంప్యూటర్ ఆపడం మర్చిపోయి వెళ్లుంటుందిలే అనుకున్నాను. ఉద్యోగంలో ఉండగా నా కింద పనిచేసేవాళ్లు ఇలా ఒక రీడింగు వదిలేస్తే ఊరుకునేదాన్నా? మరి నా విషయంలో నేను ఎందుకు ఊరుకున్నాను? మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషి అని నా మనసులో ఒక తీర్పు ముందే ఉండబట్టా? అవుననే రాయాలి.

జూన్ మొదటి ఆదివారం మా డాబా మీద అందరం కూర్చున్నాం.

"సాయంత్రం అందరూ వాడతారు కదండీ, స్లో అవుతుందండి. ఎక్కడైనా అంతేనండి," అన్నాడు ప్రసాద్.

ఎదురింటి సూర్రావు గారు అందుకున్నారు. "మా అమ్మాయి బెంగళూరు నుంచి కంప్యూటర్లో కనిపిస్తుందండి. నోరు తెరుచుకుని ఉంటుంది, మాట రాదు. చిన్నప్పుడు ఇలా ఉంటే ఎంత సుఖంగా ఉండేదో!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "అందరూ వాడితే కాస్త తగ్గుతుంది ప్రసాదూ. ఇలా ఎండిపోదు. ఒకే తూము. పైన ఎవరో గండి కొట్టి లాగేస్తున్నారు," అన్నాను.

అక్కడున్నవాళ్లంతా పొలాలున్న కుటుంబాల వాళ్లే. గండి అనగానే ఇంక వివరించాల్సిన పని లేకపోయింది. తలలన్నీ శారద వైపు తిరిగాయి.

"పిన్నిగారూ, నాకొచ్చే ఫైల్సు చాలా చిన్నవండి. ఒట్టి గొంతేనండి, బొమ్మలుండవు. కావాలంటే ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని చూడండి."

"చూడక్కర్లేదమ్మా. అంకెలు చెబుతున్నాయి."

సుబ్బాయమ్మ గారు కొంగు దులుపుకుని లేచారు. "దొంగతనమే నేర్చుకోవాలంటే మా అబ్బాయి దగ్గరే ఉండేది కదండీ వదినగారూ. వాణ్ణి మించిన గురువు ఎక్కడ దొరుకుతాడు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

శారద లేవలేదు. "లైను తీసేస్తే పని పోతుందండి. పని పోతే మొగల్తూరు వెళ్లాలి. అక్కడ ఏమవుతుందో మీకు తెలుసు కదండీ, పిన్నిగారూ?"

తెలుసు. మొదటిసారి ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఆవిడ మెడ మీది మచ్చ చూశాను. అయినా ప్రసాద్‌తో, "రేపు పొద్దున్నే ఆ వైరు తీసెయ్యి," అన్నాను.

తీసేశాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అంకె మళ్లీ పడిపోయి ఉంది. శారద వైరు కట్ అయి డాబా మీద చుట్టగా పడి ఉంది, అయినా అంకె పడిపోయింది. నాలుగు గోడల మధ్య నేను తప్ప ఎవరూ లేరు. అయినా ఎవరో చూస్తున్నట్టు వెనక్కి తిరిగాను.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మా అమ్మ నుంచి వచ్చింది. దీపాల వేళకి ఏ గదీ చీకటిగా ఉండకూడదు, లక్ష్మి వచ్చే వేళ. అందుకని ఎవరూ వాడని వెనక గదిలో కూడా లైటు వేస్తాను. పడుకునేముందు తీసేస్తాను. ఆ రోజు మొదటిసారి ఆ ఖాళీ గదిలోకి వెళ్లి నిలబడ్డాను. కొత్త డబ్బా పెట్టినప్పుడు ప్రసాద్ పాతదాన్ని ఆ గదిలో అల్మరా మీద వదిలేశాడు. దానికి కరెంటు ఆ లైటు స్విచ్చి నుంచే వస్తుంది. నేను లైటు వేస్తే అదీ వెలుగుతుంది. దాని ముందున్న చిన్న చిన్న దీపాలన్నీ పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి.

హాల్లో డబ్బా నుంచి ఒక వైరు మొదటినుంచీ దానికి ఉంది. రెండోది నేను పెట్టాను. ఉగాదికి ఇల్లు దులుపుతుంటే ఒక వైరు కొస వేలాడుతూ కనిపించింది. పాత డబ్బాలో ఒక రంధ్రం ఖాళీగా ఉంది. వేలాడే కొసని, ఖాళీ రంధ్రాన్ని చూసి నేను ఊరుకోలేను. గుచ్చేశాను. ఆ వైరు రెండో చివర కూడా హాల్లో డబ్బాలోనే ఉంది. ఎక్కడికీ పోయే దారిలేక ఆ డబ్బాల మధ్య పంపిందే మళ్లీ మళ్లీ సుడి తిరుగుతూ, మొత్తం వీధి దారి కమ్మేసింది. ఎవరూ గండి కొట్టలేదు. ఎవరూ ఏమీ లాగలేదు.

ఆ రెండో వైరు పీకాను. దీపాలు నెమ్మదించాయి. వెళ్లి చూస్తే అంకె పగటి మాదిరే ఉంది. మళ్లీ పెట్టాను, పడిపోయింది. మళ్లీ పీకాను. అనుమానానికి తావు లేదు.

అప్పుడే వీధిలోంచి సూర్రావు గారి కేక వినిపించింది. "పట్టేశారండీ! మీ లెక్కంటే లెక్కేనండి! మా అమ్మాయి గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతోంది!"

వైరు ఇంకా నా చేతిలోనే ఉంది. తలుపు తీసి ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను తలుపు దాకా వెళ్లాను. మేడమీద కిటికీ మూసిన చప్పుడు విన్నాను. పొద్దున చెబుదాం అనుకుని వెనక్కి వచ్చేశాను. వచ్చి ఆ వైరుని చుట్టచుట్టి గోనెసంచిలో, పాత సామాన్ల అడుగున పెట్టాను. పొద్దున చెప్పేదాన్నైతే దాన్ని ఎందుకు దాచాను?

పొద్దున్నే శారద నేనడక్కుండానే కిందకి వచ్చింది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

"నిన్న సాయంత్రం నుంచి అందరికీ బాగా వస్తోందటండి. అయితే నాకు తెలియకుండా నా కంప్యూటరే ఏదో లాగేస్తోందేమోనండి. ఏమీ అనుకోకండి పిన్నిగారూ. తప్పు నాదే అయ్యుంటుంది."

నేను, "సరేలే అమ్మా," అన్నాను.

ఇదండీ నేను చేసింది. డాబా మీద అన్నది పొరపాటు అనుకోవచ్చు. ఈ రెండు ముక్కలూ పొరపాటు కాదు. నిజం తెలిసి, ఆ మనిషి తనని తానే అనుమానించుకుంటుంటే, ఆ అనుమానం ఆవిడకే వదిలేశాను. నేనెప్పుడూ తప్పు లెక్క కట్టనని వీధి అనుకోవడం నాకు అంత కావాలా? అంత కావాల్సి వచ్చింది.

కొన్నాళ్లు నెట్ సెంటర్‌కి వెళ్లి చేసింది. ఆ గోలలో డాక్టర్ల మాటలు వినపడేవి కావు, కరెంటు పోయేది. పని పోయింది. ఆ నెలాఖరున వీధి చివర మోటారు సైకిల్ బదులు చిన్న లారీ వచ్చి ఆగింది. శారద మొగుడే సామాన్లు ఎక్కించాడు. నాకు నమస్కారం పెట్టి, "ఇన్నాళ్లూ మావాళ్లని చూసుకున్నారండి," అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. సుబ్బాయమ్మ గారు లారీ ఎక్కేదాకా నా ముఖం నుంచి కళ్లు తిప్పలేదు. ఆవిడకి తెలుసా? ఇప్పటికీ నాకు తెలియదు.

రెండేళ్లకి నిడదవోలు స్టేషన్‌లో ఆవిడ ఒంటరిగా కనిపించారు. శారద ఎలా ఉందని అడిగాను.

"ఉందండి. కుడి చెయ్యి పైకి లేవదు. ఎలాగూ ఇప్పుడు టైపు చేసే పని లేదు కదండీ."

చెప్పడానికి నోరు తెరిచాను. అవతలి ప్లాట్‌ఫారం మీదకి ఆవిడ బండి వచ్చింది. అదింకా ఆగలేదు. ఆగేదాకా సమయం ఉంది, నాకు బాగా గుర్తుంది. ఆ సమయంలో నేను, "దేవుడున్నాడు వదినగారూ," అన్నాను. ఆవిడ తల ఊపి, సంచీ భుజాన వేసుకుని, మెట్ల వైపు వెళ్లిపోయారు. తర్వాత వాళ్లు ఏమయ్యారో కనుక్కోలేదు. కనుక్కోవడానికి భయం.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. శారద చేతిలో ఉండేది, నేనే ఆ అవకాశం ఆవిడకి ఇవ్వలేదు. శారద ఎవరిదీ ఏమీ లాగలేదు. తప్పు నా ఇంట్లో, నా చేతుల్లో జరిగింది. తెలిసీ నోరు మూసుకున్నాను. ఆవిడ పేరూ, ఈ మాటలూ పక్కపక్కన పెట్టి రాయడం ఇదే మొదటిసారి. రాశాక కొంచెం ఊపిరాడింది. అంతే. ఇన్నాళ్లూ ఇది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకూ తెలుసు.