ఎవరిదబ్బా ఈ ఏడుపు?

ఆ రోజుల్లో మా వైపు నాటకమంటే రాజులూ రాణులే కాదు, లోపల వేషాలు మారేదాకా తెర ముందు నిలబడి జనాన్ని నవ్వించే మనిషి కూడా ఉండాలి. ధర్మవరం నుంచి హిందూపురం దాకా ఆ మనిషి నేనే. బస్సు కండక్టరు కేకలు, తాసిల్దారు నశ్యం తుమ్ములు, చింతపండు మండీలో దలారి వేలంపాట, అన్నీ నా నోట్లోనే ఉండేవి. హిందూపురం బజార్లో నన్ను చూస్తేనే నవ్వేవారు (నేను జ్వరంతో మందుకోసం పోతున్నా సరే). నవ్వనివాడు మా నాయన ఒక్కడే. నాకేమో రాజు వేషం కట్టాలని ప్రాణం కొట్టుకునేది.

పెనుకొండలో రాజు వేషగాడి గొంతు బొంగురుపోవడంతో నా పంట పండింది. "కొడుకు చచ్చిన రాజు వేషమప్పా, బాగా ఏడ్వాల. జనాన్ని ఏడిపిస్తివా, ఇంక రాజు వేషం నీదే. నవ్విరంటే మాత్రం మళ్లా తెర ముందరికే పోతావు" అన్నాడు నాటకాల కంట్రాక్టరు.

కిరీటం పెట్టుకుని, కొడుకు శవం మీద పడి పద్యం ఎత్తుకున్నానో లేదో, జనం గొల్లున నవ్వారు. "ఎవురిదబ్బా ఈ ఏడుపు?" అన్నాడొకాయన. "కండక్టరుదప్పా!" అన్నాడింకొకాయన. "కాదు, దలారిది!" ఆపైన వన్స్‌మోర్లు. వన్స్‌మోర్ అంటే చచ్చినవాడైనా లేచి పాడాల్సిందే కదా, మళ్లీ ఏడ్చాను. నా ఒళ్లో శవం కూడా కిసుక్కుమంది. నా రాజ్యం పోయిందని తెలిసిపోయి, ఈసారి నిజంగానే ఏడుపొచ్చేసింది. దానికి ఈలలు కూడా పడ్డాయి.

అప్పుడు జనం మధ్యలోంచి మా నాయన లేచాడు. ఆయన వచ్చినట్టే నాకు తెలియదు. "ఎవురిదీ కాదప్పా, అది వాని ఏడుపే! మావాడు నిజంగా ఏడుస్తాండాడు, నవ్వొద్దండి!" అంటూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆయనా నాటకంలో మనిషే అనుకుని జనం ఇంకా నవ్వారు.

నేను మళ్లీ తెర ముందుకే వచ్చాను. అక్కడి నుంచే మద్రాసు పోయి సినిమాల్లో హాస్యనటుణ్ణయ్యాను. మొదటి సినిమా హిందూపురం టెంటులో ఆడినప్పుడు నాయన్ను తీసుకుపోయాను. అందరూ పడీపడీ నవ్వారు. బయటికొచ్చాక ఆయన, "బాగానే నవ్విస్తివి లేరా. ఆ పొద్దు పెనుకొండలో ఏడ్చినావే, అదీ వేషమంటే!" అన్నాడు.

అది వేషం కాదని అందరికీ చాటింది ఆయనే. ఆ సంగతి గుర్తుచేయబుద్ధి కాలేదు. ఇప్పుడు ఎవరైనా నన్ను పెద్ద నటుడంటే, జారే కిరీటాన్ని ఒక చేత్తో పట్టుకుని ఏడుస్తున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఏడిపించమన్నారు, ఒక్కణ్ణి ఏడిపించాడు పాపం.