సైరన్ మోగితే ఎటు పరుగు

షాహనాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. ఎవరైనా ఒక పని చేస్తే, ఎందుకు చేశారో తెలిసేదాకా అన్నం సహించదు. సూళ్లూరుపేటలో వాళ్లమ్మ జైతూన్‌బీ "నీ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేవాణ్ణి వెతికి పెళ్లి చేస్తాలే" అని ఎగతాళి చేసేది. ఆ వెతుకులాట ఇంకా తెమలనే లేదు. ఈలోగా పిల్ల సేఫ్టీ ఆఫీసరై కూర్చుంది. బోగోలు అవతల సముద్రం ఒడ్డున, రొయ్యలు ఒలిచి గడ్డకట్టించే ఫ్యాక్టరీలో ఉద్యోగం.

ఆ గడ్డకట్టించే యంత్రాల్లో తిరిగేది అమ్మోనియా. కారిందంటే ఊపిరాడదు. అందుకని అప్పుడప్పుడూ ఉత్తుత్తి సైరన్ మోగించి, రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకు గేటు బయటికి పోవడం అలవాటు చెయ్యాలి. షాహనా మోగించింది. వాళ్లు గేటు సంగతే మరిచి, బట్టలు మార్చుకునే గదిలోకి పొలోమని పరుగెత్తారు. ఆ గదికీ అమ్మోనియా యంత్రాలకూ మధ్య ఉన్నది ఒక్క గోడ!

షాహనా అరిచింది. బొమ్మలు గీయించి గోడలకు అంటించింది. మళ్లీ మోగిస్తే మళ్లీ ఆ గదే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "జరిమానా వెయ్యండమ్మా, దెబ్బకు దారికొస్తారు" అన్నాడు మేనేజరు రంగనాయకులు. ఆయనకు తలనొప్పి వచ్చినా జరిమానాయే మందు. షాహనాకు మాత్రం కోపం దిగిపోయి పాత జబ్బు తిరగబెట్టింది. చావు ఉన్న వైపుకే మనుషులు అంత ఆత్రంగా ఎందుకు పరుగెత్తుతున్నట్టు?

మర్నాడు తలకు టోపీ, కాళ్లకు బూట్లు తొడుక్కుని, రొయ్యల బల్ల దగ్గర పెంచలమ్మ పక్కన నిలబడి తనూ ఒలవడం మొదలుపెట్టింది. మంచుకు వేళ్లు మొద్దుబారాక మెల్లగా అడిగింది.

"అక్కా, ఆ గదిలో ఏముంది?"

"ఫోన్లు మేడమ్. లోపలికి తేనియ్యరు గదా."

"ప్రాణం కంటే ఫోనెక్కువా?"

పెంచలమ్మ చెయ్యి ఆపి వింతగా చూసింది. "ఆ సైరను మా పల్లెపాలెం దాకా ఇనపడతాది. మావోళ్లు ఫోన్ చేస్తారు. ఎత్తకపోతే పిల్లాజెల్లా అందరూ ఈడికే ఉరికొస్తారు, గ్యాసులోకి! రావొద్దని వాళ్లకు ఎవురు చెప్తారు? మీరు చెప్తారా?"

షాహనాకు సిగ్గేసింది. ఫ్యాక్టరీ గోడతోనే తన పని అయిపోతుందని ఆమె అనుకుంది. వీళ్లేమో గోడ అవతలి వాళ్ల కోసం పరుగెత్తుతున్నారు.

"నేనే చెప్తా" అంది.

ఆ సాయంత్రమే పల్లెపాలెం పోయి, ఊరి పెద్ద గంగులయ్యతో మాట్లాడింది. సైరన్ మోగగానే షాహనా ఆయనకు ఫోన్ చెయ్యాలి, ఆయన మైకులో చెప్పాలి, ఊళ్లో ఎవరూ కదలకూడదు అని ఒప్పందం. మర్నాడు ఆ మాట రొయ్యల బల్ల దగ్గరా చెప్పింది. "ఊరితో మనకేం పనమ్మా" అని రంగనాయకులు గొణిగాడు. "ఊరు నన్ను నమ్మకపోతే, లోపల నా మాట ఎవరు వింటారు సార్?" అంది షాహనా.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం సైరన్ మోగింది. ఈసారి ఉత్తుత్తిది కాదు, ఘాటు ముక్కుకు తగిలింది. ఆడవాళ్లు అలవాటుకొద్దీ ఆ గది వైపే తిరిగారు. షాహనా చటుక్కున ఫోన్ తీసింది. గేటుకు దారితీసే తలుపులో నిలబడి, అందరికీ వినపడేలా ఫోన్‌లో కేక పెట్టింది.

"గంగులయ్యగారూ, నిజంగానే కారింది. ఒక్కర్ని కూడా రానియ్యొద్దు!"

పెంచలమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. "పదండే, పాప మనోళ్లకు చెప్పేసింది!"

అందరూ గేటు దాటారు. దూరంగా మైకు వినపడింది. పల్లెపాలెం నుంచి వచ్చే దారిలో ఎవరూ కనపడలేదు. లోపల యంత్రాలు ఆపేశారని, ఒక్కరికీ ఏమీ కాలేదని తేలాక, షాహనా ఇసుకలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

పెంచలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "మీ అమ్మకు చెప్పినావా పాపా?"

చెప్పలేదు. ఆ మాటే తట్టలేదు. ఫోన్ నిండా అమ్మ చేసిన కాల్సే. టీవీలో అప్పుడే వచ్చేసినట్టుంది. తిరిగి చేసింది. అవతల రైలు చప్పుడు, దాన్ని మించి జైతూన్‌బీ గొంతు. "ఎత్తవేందే? రైలెక్కేసినా, వచ్చేస్తాండా!"

షాహనా "అమ్మా" అని మళ్లీ ఏడ్చేసింది. పెంచలమ్మ ఆ ఫోన్ అందుకుంది.

"అమ్మా, మీ బిడ్డ బాగుండాది. నా పక్కనే ఉండాది. నేను చెప్తాండా గదా."