వాగు దారిలో ఎదురు కర్ర

నమ్మమని మిమ్మల్ని అడగను. నమ్మించడం నాకు చేతకాదు. లెక్కల మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాసుకునే అలవాటు. ఇది రాత్రిపూట జరిగింది గనక మర్నాడు కూర్చుని రాశాను. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అందులో లేని ముక్క ఒక్కటీ కలపలేదు. ఇప్పుడూ కలపను.

ఎనభైల మాట. భద్రాచలం దాటాక, అడవి అంచున, రోడ్డు పక్క ఊళ్ళో ఉండేవాళ్ళం. నేను అక్కడి బడిలో పనిచేసేవాణ్ణి. నా భార్య సుగుణ చుట్టుపక్కల గూడేలన్నిటికీ నర్సు. రాత్రిపూట కాన్పుకు పిలుపొస్తే ఆమెకు తోడు నేను వెళ్ళేవాణ్ణి, కర్ర పట్టుకుని.

ఊరికే పట్టుకోవడం కాదు. కుర్రతనంలో ఖమ్మంలో ఒక ఉస్తాద్ దగ్గర, ఆయన తాలీంలో, అంటే సాము నేర్పే చోట, కర్రసాము నేర్చుకున్నాను. ఆయన కొట్టడం కన్నా కొట్టించుకోకుండా ఉండటం ఎక్కువ నేర్పేవారు. "మొహం చూడకురా, మొహం అబద్ధం చెప్తది. మోకాళ్ళు చూడు" అనేవారు. "చీకట్ల టార్చి పక్కకు చాపి పట్టు. కొట్టెటోడు వెలుతురు మీదనే కొడ్తడు."

ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసే సాధనను జోడీ అంటారు. తల, పక్క, మోకాలు, మణికట్టు... ఇది మా వరస. వేరే తాలీంలలో మోకాలి తర్వాత మళ్ళీ తలకే వస్తారు. మణికట్టుకు రావడం మా ఉస్తాద్ పెట్టిందే. చాలనిపిస్తే 'బస్' అనాలి. ఆ మాట వినగానే ఎదుటివాడు కర్ర కొస నేలకు ఆనించి ఒక అడుగు వెనక్కి వేయాలి. వేయనివాడికి మర్నాటి నుంచి తాలీంలో చోటుండదు.

ఆ సాయంత్రం వెదురు లారీ డ్రైవర్ కబురు తెచ్చాడు.

"నర్సమ్మా, వాగవతల గూడెంల ఒక పిల్లకు పొద్దుగాల్నుంచి నొప్పులంట. తొలి కాన్పంట. జల్దీ రమ్మన్నరు."

బయల్దేరేసరికి చీకటి పడింది. ఇప్పపువ్వు రాలే రోజులు. ఆ పువ్వు కోసం ఎలుగుబంట్లు దిగుతాయి.

"సారూ, ఎలుగొస్తే ఏం జేస్తరు?" అంది సుగుణ. ఊరంతా నన్ను సారు అంటుందని తనూ అలాగే పిలిచేది, ఎగతాళికి.

"చప్పుడు చేస్తా. అదే పోతది."

"ఎక్కాలు చెప్పుండ్రి. పిల్లలు ఉరుకుతలేరా?"

నేను ముందు, కర్రతో నేల తడుతూ. ఆమె వెనక, మందుల సంచీ భుజానికి వేసుకుని, టార్చి చెయ్యి పక్కకు చాపి. బ్యాటరీలు నీరసించాయి. వెలుతురు నా కర్ర సగం దాకా వస్తోంది. అంతే. దారంతా ఎండు టేకాకులు. అడుగు వేస్తే అప్పడాలు విరిగిన చప్పుడు.

టక్... టక్... టక్...

దారి వాగులోకి దిగే చోట... నా చప్పుడు వెనక ఇంకొకటి. నేను తట్టాక, కాస్త ఆగి... టక్. ఎదుటి నుంచి.

ఆగాను. అదీ ఆగింది.

"ఎలుగా?" అంది సుగుణ.

"ఎలుగు కర్ర పట్టుకోదు."

ఎవరది అని కేక వేశాను. తెలుగులో ఒకసారి, నాకు వచ్చిన నాలుగు కోయ ముక్కల్లో ఒకసారి. తాగినవాడో, దొంగో అనుకున్నాను. కర్ర ముందుకు చాపి అడుగు వేశాను.

ఠక్.

కర్ర కొసకు దెబ్బ. కొమ్మ కాదు. కొమ్మయితే వంగి మళ్ళీ లేస్తుంది. ఇది ఎవరో పట్టుకున్న కర్ర. దాని వెనక ఒక చెయ్యి ఉందని... నా అరచేతికి తెలిసింది.

ఆ తర్వాత ఆలోచించలేదు. చేతులే కదిలాయి. తలకు వేశాను. ఆగింది. పక్కకు. ఆగింది. మోకాలికి. ఆగింది.

నాలుగోది... మణికట్టుకు. మా వరస తెలియనివాడు అక్కడ తల కాచుకుంటాడు. దెబ్బ తగిలి తీరాలి.

ఎదుటి కర్ర నాకంటే ముందే అక్కడికి వచ్చి ఉంది. నా కోసం ఆగి ఉంది.



తర్వాత దాని వంతు. తల... పక్క... మోకాలు... మణికట్టు. అన్నీ ఎడమచేతి వాటం. గట్టిగా కాదు, సాధనలో కొట్టినట్టే. కాచుకుంటున్నాను. నా కాళ్ళ కింద ఆకులు విరుగుతున్నాయి. దాని కాళ్ళ కింద... ఏ చప్పుడూ లేదు. ఊపిరి కూడా వినపడలేదు. మోకాళ్ళు చూద్దామంటే వెలుతురు చాలదు.

"సారూ" అంది సుగుణ వెనక నుంచి, మామూలు గొంతుతో. "ఆ పిల్ల ఆగదు. మనం పోకుంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. దారి కావాలె."

చుట్టుదారి ఉంది. దాన్ని పట్టుకుంటే తెల్లారిపోతుంది. నోటికి వచ్చిన మాట అన్నాను.

"బస్."

...

కర్ర కొస నేలకు ఆనిన చప్పుడు. మెత్తగా. ఆ వెంట... ఆకుల మీద ఒక అడుగు. ఒక్కటే. వెనక్కి.

నేను కదల్లేకపోయాను. సుగుణ టార్చి ఆర్పేసి నన్ను దాటింది. చుక్కల వెలుతురులో ఆమె తెల్లచీర కనబడుతోంది. కొంగు దగ్గరకు లాక్కుని ఎడమకు ఒదిగింది. ఇంకాస్త ముందుకు పోయాక కుడికి ఒదిగింది. మనుషుల మధ్య నుంచి నడిచినట్టు. నా కంటికి ఖాళీ దారే. ఆమె వెనకే నడిచాను.

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది.

తిరిగి వస్తూ ఆ చోట ఆగి చూశాను. నేను నిలబడ్డ వైపు ఆకులు పిండి అయ్యాయి. ఎదుటి వైపు ఆకులు అలాగే ఉన్నాయి. కర్రకు కొత్త నొక్కులు. భయంలో ఏ చెట్టు మోడునో బాదుతుంటే, మనసే దాన్ని జోడీగా అల్లుకుందా? కావచ్చు. కానీ అక్కడ మోడు కనబడలేదు. ఆ రెండు మాటలూ డైరీలో పక్కపక్కనే రాసుకున్నాను.

ఎండాకాలం సెలవుల్లో ఖమ్మం వెళ్ళి ఉస్తాద్‌కు చెప్పాను. పాన్ నములుతూ అంతా విన్నారు.

"ఏ చెయ్యి?"

"ఎడమ."

నమలడం ఆపారు. "నా తాన ఎడమచేతోడు ఒక్కడు గూడ నేర్వలేదురా." పాన్ ఉమ్మేసి అడిగారు. "నీ బీవీ ఏమంటది?"

"అడగలేదు ఉస్తాద్."

"అడుగు మరి. ముందు నడిచింది ఆమెనే గదా."

అడిగాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు అడిగాను. సుగుణది ఎప్పుడూ ఒకటే జవాబు.

"దారి ఇచ్చిండ్రు, పోయినం."

ఇచ్చిండ్రు... ఒక్కరే అయినా మర్యాదకు అదే మాట. పదిమందైనా అదే మాట. ఎవరిని అంటున్నావు, ఒక్కరినా, చాలామందినా అని అడిగితే మాత్రం... చాయ్ పెట్టడానికి లేచి పోతుంది.