చుక్క ఆగేదాకా

ఆమధ్య మా అల్లుడు కారు సర్వీసింగుకు ఇవ్వడానికి పోతూ, ఇంట్లో ఒక్కడినే ఎందుకని నన్నూ వెంట తీసుకెళ్ళాడు. అక్కడ మెడలో కార్డు వేలాడేసుకున్న ఒకాయన బానెట్ ఎత్తి, నల్లటి డబ్బాలోంచి మడతలు మడతలుగా ఉన్న కాగితం ఫిల్టరు తీసి చూపించి, ఇటువైపు తిరిగే బండ్లకు ఇది ఊరికే నిండిపోతుందనీ, పారేయనక్కర్లేని కొత్త రకం ఇప్పుడు దొరుకుతోందనీ, దాన్ని కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి ఏళ్ళ తరబడి వాడుకోవచ్చనీ ఎంతో ఓపికగా చెప్పుకొచ్చాడు. ఎర్రటి నూలుబట్ట, దానికి అటూ ఇటూ తీగల జాలీ. మా అల్లుడు అపురూపంగా తిప్పి తిప్పి చూశాడు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు గాని, పాతదే తిరిగి వింతై రావడం నేను చూడడం అదే మొదలు. నవ్వు రావలసిన చోట నాకు నవ్వు రాలేదు. కడిగి నూనె పట్టించే ఆ పనిని నలభై ఏళ్ళ కిందట మా మార్కాపురంలో మా వీధి నుంచి తరిమేసింది నేనే.

మా నాయనకు కంభం రోడ్డులో లారీలకూ జీపులకూ స్పేర్ పార్టులమ్మే దుకాణం ఉండేది. మమ్మల్ని కర్నూలు జిల్లాలోంచి తీసి కొత్త జిల్లాలో కలిపి అప్పటికి పదేళ్ళు దాటిపోయినా, జిల్లా కేంద్రమైన ఒంగోలు పేరెత్తాల్సి వస్తే ఎవరో పరాయివాళ్ళ ఊరి గురించి చెప్పినట్టే చెప్పేవాడు మా నాయన. దుకాణం పక్కనే మెకానిక్ మామ షెడ్డు. ఆయన మాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ మామే. పలకల క్వారీలకు తిరిగే బండ్లన్నీ బాగుకొచ్చేది ఆ షెడ్డుకే. పలకరాయి దుమ్ము సంగతి మా ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆరేసిన బట్టలు మడతపెట్టబోతే చేతికి బూడిద తగిలేది, మూత మరిచిన నీళ్ళకుండ మీద తెట్టు కట్టేది. ఇక ఆ దుమ్ములోనే పొద్దస్తమానం తిరిగే బండ్ల మాట చెప్పాలా?

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పటి ఫిల్టరులో కాగితం లేదు, తీగల జాలీ ఉండేది. దాన్ని నూనెలో తడిపి బిగిస్తే, ఇంజను పీల్చే గాలిలోని దుమ్ము ఆ జిడ్డుకు అతుక్కుని ఆగిపోయేది. వారానికొకసారి దాన్ని విప్పి కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నూనెలో ముంచి, కారేదంతా కారనిచ్చి బిగించాలి. నూనె తక్కువైతే దుమ్ము ఆగదు, ఎక్కువైతే ఇంజను ఆ నూనెనే లాక్కుని పొగ కక్కుతుంది. చూడడానికి సులువే గాని, ఆ లెక్క చేతికి రావడానికి కాలం పట్టేది. మామకే సరిగా కుదిరేది కాదు. కుదిరిందల్లా అక్కకే.

అక్క అని మేమందరం పిలిచే ఆమె యర్రగొండపాలెం అవతల అడవి అంచు పల్లె నుంచి భర్త వెంట పలకల పనికి వచ్చిన మనిషి. భర్త పలకలు కోసే మిషను దగ్గర కొన్నేళ్ళు చేసి, దగ్గి దగ్గి ఎముకల గూడై చనిపోయాడు. టీబీ అన్నారు. ఆ రోజుల్లో పలకల షెడ్లలో చేసి పోయినవాళ్ళందరిదీ టీబీయే. ఒక్కతే కూతురు, బడికి పోతుండేది. మామ జాలిపడి అక్కకు జాలీలు కడిగే పని ఇచ్చాడు గాని, రెండు నెలలు తిరిగేసరికి ఎవరు ఎవరి మీద జాలిపడాలో తెలియనంతగా ఆ షెడ్డు ఆమె మీద ఆధారపడింది. షెడ్డు వెనక రేకు కింద మూడు డబ్బాలు పెట్టుకుని, ఒకదాంట్లో నానబెట్టి, ఇంకోదాంట్లో జాడించి, మూడోదాంట్లోని నూనెలో ముంచి, గోడకు వరసగా కొట్టిన మేకులకు జాలీలను తగిలించేది. వాటి కింద చుక్క చుక్కగా నూనె కారుతుంటే ఇంకో పని చూసుకునేది. చివరి చుక్క జారి మరొకటి రాకపోతే, వేళ్ళ వెనక వైపుతో జాలీని ఒక్కసారి తాకి చూసి, చాలు, బిగించుకోండి అనేది. ఆమె చాలు అన్న జాలీతో పొగ కక్కిన బండి నేను చూడలేదు.

నేను డిగ్రీ తప్పి దుకాణంలో కూర్చున్న కొత్త. నోరున్నవాడిని, ఉచిత సలహాలకు కొదవ లేదు. కిరోసిన్‌కు పగిలి నెర్రెలిచ్చిన ఆమె చేతులు చూసి ఒకరోజు, పలకల ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకు నీడపట్టున కూర్చుని చేసే పని ఉంది కదా, ఇక్కడెందుకు ఈ అవస్థ అన్నాను. అక్క కడుగు డబ్బాలో పైన తేరిన కిరోసిన్‌ను ఇంకో డబ్బాలోకి మెల్లగా వంచి, అడుగున మిగిలిన బురద నాకు చూపించింది. జానెడు మందాన, పలక రంగులో ఉంది.

"ఇదంతా ఒక్క వారంలో బండ్లు పీల్చింది తమ్ముడూ. బండికైతే నేను కడుగుతా ఉండా. మా ఆయన రొమ్ము ఎవురు కడిగినారు? తడి పని ఏదైనా చేస్తా గాని ఆ పొడి పనికి మాత్రం పోను."

విన్నాను. విని, భర్త పోయిన దుఃఖంలో ఏదో అంటోంది అనుకుని నా దుకాణంలోకి నేను వచ్చేశాను. డాక్టర్లు టీబీ అంటుంటే జాలీలు కడిగే మనిషికి ఏం తెలుస్తుందని నా ధీమా.

ఆ మరుసటేడు కాగితం ఫిల్టర్లు వచ్చాయి. కంపెనీ మనిషి అట్టపెట్టెలు తెచ్చి దించిపోయాడు. క్వారీ యజమానులను కూర్చోబెట్టి నేను ఊదరగొట్టాను. కడగక్కర్లేదు, నూనె అక్కర్లేదు, నిండితే పారేయ్, కొత్తది పెట్టు. నేను చెప్పిందాంట్లో అబద్ధం లేదు, జాలీ వదిలేసే సన్నటి దుమ్మును కూడా కాగితం పట్టుకునేది, ఇంజన్లకు మేలే జరిగింది. పారేసే సరుకు అమ్ముకుని బతకడం ఏం వ్యాపారమని మా నాయన గొణిగాడు గాని, అడ్డం పడలేదు. మామ కొన్నాళ్ళు మొండికేసి, బండ్లవాళ్ళే కాగితం బిగించమని అడుగుతుంటే తానూ మెత్తబడ్డాడు. ఏడాది తిరక్కముందే రేకు కింద రెండు డబ్బాలు ఖాళీ అయ్యాయి. డ్రైవర్లు నిండిన కాగితం ఫిల్టర్లను పారేయబుద్ధి కాక షెడ్డు గోడకేసి కొట్టేవాళ్ళు, అక్క కిరోసిన్‌లో అణిచేసే దుమ్మంతా గుప్పున లేచి వీధిలో పడేది. చివరికి మేకులు మాత్రం మిగిలాయి.

అక్క మా దుకాణానికి వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కూతురు తొమ్మిదిలో ఉందనీ, పది అయ్యేదాకా గడిస్తే చాలనీ, ఎక్కడైనా తడి పని ఉంటే చూడమనీ అడిగింది. గిన్నెలు తోమే పనికి నాలుగిళ్ళలో నేనూ అడిగి చూశాను, కుదరలేదు. తప్పు చేశానన్న ముల్లు లోపల గుచ్చుతూనే ఉంది, అది తొందరగా పోవాలి నాకు. మా దగ్గరికి వచ్చే ఒక ఫ్యాక్టరీ యజమానితో మాట్లాడి, కోత మిషను దగ్గర కాదు, పలకల అంచులు నున్నగా రుద్దే చోట ఆమెకు పని ఖాయం చేసి, ఎంతో ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చి చెప్పాను. మా నాయన అన్నం కలుపుతున్నవాడల్లా చెయ్యి ఆపి, "ఆమెను అడిగినావా, నువ్వే అనుకున్నావా?" అన్నాడు. మర్నాడు అక్కకు చెప్పినప్పుడు ఆమె సరేలే అంది. ముఖానికి పైట చుట్టుకుని ఆ ఫ్యాక్టరీ షెడ్డులోకి పోతుంటే వెనక నుంచి చూశాను. నాకు గుండె తేలికైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆరోజు హాయిగా నిద్రపోయాను.

కూతురు పది పాసైంది. ఆ తరువాత మూడు నాలుగేళ్ళకు అక్కకు దగ్గు పట్టింది. ముందు ఎండాకాలం దగ్గన్నారు, తరువాత ఆ పాత మాటే అన్నారు. మందులు మింగింది, తగ్గలేదు. ప్రభుత్వాసుపత్రిలో చూడడానికి పోయినప్పుడు, దిండుకు ఆనుకుని కూర్చుని, ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పెద్ద డాక్టరుకు చూపిద్దామనీ, కర్నూలు తీసుకెళ్తాననీ నేనేదేదో అంటుంటే చెయ్యి అడ్డం పెట్టింది. కిరోసిన్ నెర్రెలు మానిపోయి ఆ చెయ్యి నున్నగా ఉంది.

"నువ్వు మంచికే చెప్పినావులే తమ్ముడూ. నాకు తెలిసే పోయినా. పిల్ల పది కావాల గదా."

ఆ పక్కనే కూతురు నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. అక్క పోయిన రోజూ చూడలేదు. చదువుకుని పామూరు వైపు అంగన్‌వాడీ టీచరైందని తెలిసి సంతోషించాను. కొన్నేళ్ళ తరువాత ఒకసారి బస్టాండులో ఎదురుపడితే, తెలియని మనిషి పక్కనుంచి తప్పుకున్నట్టు తప్పుకుని పోయింది. తల్లి క్షమించింది గదా అని కూతురు కూడా క్షమించాలని ఎక్కడుంది? నాకు తల్లి మాట కన్నా కూతురి మౌనమే సబబుగా తోస్తుంది.

మా అల్లుడితో నేనే పట్టుబట్టి ఆ ఎర్రబట్ట ఫిల్టరు కొనిపించాను. మొదటిసారి కడగాల్సి వచ్చినప్పుడు, మీకెందుకీ పని అంటున్నా వినకుండా నేనే తీసుకున్నాను. దీనికి కిరోసిన్ పనికిరాదట. పనికొచ్చినా ఎక్కడ తేవాలి, చౌకదుకాణంలో అది ఇవ్వడం మానేసి ఎన్నేళ్ళయిందో. పిల్లలు పలక పట్టుకోవడం మానేశారు, సగం షెడ్లు రేకులు ఊడి కంపచెట్లు మొలిచి ఉన్నాయి, మా నాయన లేడు, మామ లేడు, మా దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అది టీబీ కాదనీ, ఆ దుమ్ము జబ్బుకు వేరే పేరుందనీ ఇప్పుడు అందరికీ తెలుసు. తెలియనిదల్లా అక్క పేరే.

సబ్బునీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, సీసాలోని నూనె మడత మడతకూ పట్టించాను. చేతికి లెక్క తెలియక ఎక్కువే పోసినట్టున్నాను, పెరటి గోడకు మేకు కొట్టి తగిలిస్తే చుక్కలు కారడం మొదలైంది. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చాలాసేపటికి చివరి చుక్క జారింది, మరొకటి రాలేదు. లేచి వేళ్ళ వెనక వైపుతో తాకి చూశాను. జిడ్డు తగిలింది గాని, అది చాలో చాలదో నా వేళ్ళకు తెలియలేదు. చాలు, బిగించుకోండి అని చెప్పే మనిషిని ఆ పొడి పనికి పంపింది నేనే.