లాంతరు వెలుగులో ఆగిపోయిన వచనం

తుఫాను వెళ్లిపోయినా నెల్లిమర్లలో ఇంకా కరెంటు రాలేదు. తమ్ముడి ఇంట్లో లాంతరు వెలిగించగానే ఆ కిరసనాయిలు వాసనకి మా చిన్నప్పటి కుటుంబ ప్రార్థన గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఇంతేనా? పిల్లలందరం తలో వచనం పైకి చదివేదాకా కంచాలు బోర్లించే ఉండేవి. ఎవరు తడబడినా మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే. ఆకలి మీద తమ్ముడు గడగడా చదివేసేవాడు.

నాకిప్పుడు కళ్లలో శుక్లాలు. అందుకని ప్రార్థన పుస్తకం మేనకోడలికిచ్చాను.

"ఫోనయితే అదే సదివీసును అత్తా. ఛార్జింగు అయిపోనాది," అంటూ అక్షరాల మీద వేలు పెట్టి, రెండు మాటలు కూడబలుక్కుని ఆగిపోయింది.

"దీనికి బద్ధకం అక్కా! గుడ్ నైటుకి కూడా రెండక్షరాలే కొడతాది," అన్నాడు తమ్ముడు.

"అయితే నువ్వు సదవరా."

నవ్వుతూ అందుకున్నాడు. రెండో వరుసలోనే నవ్వు పోయింది.

"ఫోనొచ్చాక పుస్తకం ముట్టనేదక్కా," అన్నాడు మెల్లగా.

బద్ధకమైతే కసిరి వదిలించవచ్చు. ఇది అది కాదని తెలిసి నాకు భయమేసింది.

పుస్తకం మూసి, కంఠతా వచ్చినంత నేనే చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఒక మాట తట్టలేదు. ఆగాను. అందించేవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు.